కింది ఇంటి చీపురుకర్ర

వైశాలి సంగతి చెప్పాలంటే ముందు ఆమె ఇంటి నేల సంగతి చెప్పాలి. హాంబర్గ్‌లో ఆమె ఉండేది వందేళ్ల నాటి భవనం, మూడో అంతస్తు. నేలంతా చెక్క పలకలు. ఇల్లు చూడడానికి వచ్చిన రోజున ఆ పలకలు చూసే మనసు పారేసుకుని, అద్దె ఎక్కువైనా సరేనంది. చేరిన వారానికి తెలిసింది, ఆ పలకల నోట్లో నువ్వుగింజ నానదని. ఇక్కడ చెంచా జారితే కింది ఇంటికి తెలిసిపోయేది.

కింది ఇంట్లో ఫ్రావ్ లోరెన్సెన్ అని ఎనభై దాటిన ఆవిడ ఒంటరిగా ఉండేది. మెట్ల మీద ఎదురైతే తల పంకించేది తప్ప పెదవి విప్పేది కాదు. ఆవిడ మాట్లాడవలసిందంతా ఒక పొడవాటి చీపురుకర్ర మాట్లాడేది. పైన కాస్త చప్పుడైతే చాలు, ఆ కర్రతో సీలింగ్‌ను టకటకా పొడిచేది. జర్మనీలో తనను రోజూ తప్పకుండా పలకరించే మనిషి ఈవిడేనని వైశాలి స్నేహితులకు చెప్పి నవ్వుతుండేది. ఆ కర్ర మీద తన మోకాలి భవిష్యత్తు ఆధారపడే రోజు వస్తుందని అప్పుడు ఆమెకేం తెలుసు.

వైశాలిది కాకినాడ. అంత సముద్రం పక్కన పుట్టి పెరిగినా, వాళ్ల ఇంట్లో సముద్రమంటే ఆదివారం సాయంత్రం చీలమండల దాకా తడుపుకుని, కాల్చిన మొక్కజొన్న కంకి తిని, చీకటి పడకముందే ఇంటికి వచ్చేయడం. అలాంటి పిల్ల ఓడరేవు సరుకుల లెక్కలు చూసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగానికి వచ్చి, ఆఫీసువాళ్లతో ఒకసారి ఫేమార్న్ దీవికి విహారానికి వెళ్లింది. అక్కడ మనుషులు పెద్ద గాలిపటాన్ని నడుముకు కట్టుకుని, కాళ్లకు పలక తొడుక్కుని నీళ్ల మీద దూసుకుపోతున్నారు. దాన్ని కైట్‌బోర్డింగ్ అంటారన్నారు. చూసిన మర్నాడే పాఠాలకు పేరు రాయించుకుంది. ఈత కూడా అప్పుడే నేర్చుకుంది. ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకోవాలన్న జ్ఞానం ఆ పిల్లకు మొదటినుంచీ తక్కువే.

మూడు వేసవులకు అటూ ఇటూ తిరగడం, చిన్నచిన్నగా ఎగరడం వచ్చాయి. ఆ తర్వాత ఫ్రీస్టైల్ మీదికి మనసు పోయింది. మామూలుగా కైట్ లాగే బలమంతా నడుముకున్న కొక్కెం మీద పడుతుంది. ఫ్రీస్టైల్‌లో ఆ కొక్కెం విప్పేసి, చేతులతో మాత్రమే పట్టుకుని ఎగరాలి. అందులో మొదటి విన్యాసం పేరు రేలీ. నీళ్లను బోర్డు అంచుతో కోసుకుంటూ వచ్చి ఒక్క ఊపున పైకి లేస్తే, ఒళ్లంతా గాలిలో బారుగా సాగి, మళ్లీ కాళ్లు ముడుచుకుని దిగాలి. లేవడానికి తెగువ ఉంటే సరిపోతుంది. దిగడానికి మాత్రం మోకాళ్లు కావాలి.

ఆమెకు నేర్పే యెన్స్ ఫేమార్న్ వాడే, నలభై దాటినవాడు. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ గాట్లున్నాయి. వాటిని చూపించే పాఠం మొదలుపెట్టేవాడు. కైట్‌ను నెత్తిమీదికి రానివ్వొద్దు, అది పైకి లాగి కింద పడేస్తుంది. దిగేటప్పుడు బోర్డు ముక్కును గాలి పోయే వైపు తిప్పు, అడ్డంగా పడితే బోర్డు ఆగుతుంది, నువ్వు ఆగవు, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. ముందు కొక్కెంతోనే దిగడం నేర్చుకో. అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది. "ఇంకొక్కటి చేద్దాం అని మనసుకు అనిపించిందంటే అప్పటికే అలసిపోయావని అర్థం. వెంటనే ఒడ్డుకు వచ్చెయ్."

2019 ఆగస్టులో ఒక సాయంత్రం వైశాలి వరసగా రేలీలు చేస్తోంది. సగం తప్పుతున్నాయి, సగం కుదురుతున్నాయి. చేతులు లాగేస్తున్నాయి. ఒడ్డునుంచి యెన్స్ రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఒక వేలు ఎత్తి చూపించింది, ఇంకొక్కటి అని. ఆ ఒక్కదానికీ కైట్ నెత్తిమీదికి వచ్చేసింది, బోర్డు అడ్డంగా పడింది, ఎడమ కాలు కర్రలా బిగిసి ఉంది. నీళ్లలో ఉండి కూడా మోకాలి లోపలి చప్పుడు ఆమెకు వినబడింది.

లోపలి లిగమెంట్ సగం తెగిందన్నాడు డాక్టరు. వ్యాయామంతో నిలబెట్టుకోవచ్చు, మిగతా సగం కూడా పోతే ఆపరేషనూ ఏడాది మంచమూ అన్నాడు. వైశాలికి ఆపరేషన్ కన్నా కాకినాడకు ఫోన్ చేయడమే ఎక్కువ భయం. వాళ్లమ్మ హైమావతి గారికి కైట్ సంగతి ఒక్క ముక్క తెలియదు. మెట్ల మీద జారానని చెప్పేసింది. "ఆ మడమల చెప్పులు వద్దని లక్షసార్లు చెప్పాను" అని ఆవిడ ఆరు నెలల పాటు పాపం ఏ పాపమూ ఎరగని చెప్పులను తిడుతూనే ఉంది.

తిట్టడంతో ఆగక ఫిబ్రవరిలో నువ్వుల నూనె సీసాతో, ఊరగాయలతో, ఏప్రిల్ తిరుగు టికెట్టుతో స్వయంగా దిగింది. కూతురి కాలికి నాలుగు రోజులు నూనె మర్దన చేసి, నాలుగు మంచి కూరలు వండిపెట్టి వెళ్లాలని ఆవిడ ఉద్దేశం. మార్చి మూడో వారానికి కరోనా అని ఇక్కడి కొట్లు మూసేశారు, అక్కడ విమానాలు ఆపేశారు. తల్లీ కూతుళ్లిద్దరూ ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో ఇరుక్కుపోయారు.

ఇరుక్కోవడమంటే మామూలుగా కాదు. పొద్దున్నే వైశాలి హెడ్‌సెట్ తగిలించుకుని మీటింగుల్లో కూర్చుంటే హైమావతి గారు వంటింట్లో మిక్సీ వేయడానికి భయపడి చట్నీ రోజులన్నీ కారప్పొడితో నెట్టుకొచ్చేది. దగ్గు వస్తే బాత్రూంలోకి పరిగెత్తి దగ్గేది. సాయంత్రమయ్యేసరికి వైశాలికి ఒంటరిగా ఒక్క అరగంట కూర్చోవాలని ఉండేది, కూర్చునే చోటు లేదు. ఆవిడకి నలుగురితో మాట్లాడాలని ఉండేది, నలుగురు లేరు. వీసా పొడిగింపుకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందా అని ఆవిడ రోజూ అడిగేది. ఆఫీసు తలుపులే మూసేశారమ్మా అని ఈమె రోజూ చెప్పేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే, ఒకరి ఊపిరి చప్పుడు ఒకరికి పడేది కాదు.

అన్నిటికన్నా కడుపుమంట ఏమిటంటే, సముద్రం గంటన్నర దూరంలోనే ఉంది. కానీ పక్క రాష్ట్రం వాళ్లు సరిహద్దు మూసేసి, హాంబర్గ్ వాళ్లను రానివ్వడం లేదు. సైకిళ్ల మీద పోయినవాళ్లను కూడా పోలీసులు వెనక్కి పంపారు. వైశాలి మాత్రం రోజూ ఫోన్‌లో ఫేమార్న్ గాలి ఎంతుందో చూసుకునేది. ఆకలితో ఉన్నవాడు పక్కింటి పోపు వాసన పీల్చినట్టు. ఆ ఏడాది వసంతంలో గాలి వీచినంత చక్కగా అంతకుముందు ఎన్నడూ వీచలేదని ఆమెకు అనిపించింది. కైట్ సంచీ కింద కెల్లర్లో, అంటే భవనం నేలమాళిగలో, తాళం వేసి ఉంది, తల్లి కంట పడకుండా.

మోకాలికి వ్యాయామం చేయించే ఫిజియో కూడా అప్పుడే మూతపడింది. నడకా, బరువులూ అయిపోయి, ఎగిరి దిగడం మొదలుపెట్టవలసిన సమయం. యెన్స్ శిష్యులు లేక గోళ్లు గిల్లుకుంటున్నాడు. వీడియోలో చూసి చెబుతానన్నాడు. ఫోన్ నేలమీద పెట్టి, పొట్టి స్టూలు మీంచి దూకి చూపించమన్నాడు. ఆమె దూకింది. యెన్స్ కనుబొమలు పైకి లేచాయి.

"అందరికీ మోకాళ్లు లోపలికి కూలతాయి. నీవి బొటనవేళ్ల మీదే నిలబడ్డాయి. ఎవరు నేర్పారు?"

కూచిపూడి, పదేళ్లు, అంది వైశాలి. అరమండిలో మోకాళ్లు విచ్చి కూర్చోకపోతే విజయలక్ష్మి టీచర్ కర్ర పట్టుకుని వచ్చేది మరి.

"మంచిది. అయితే నేలను ఎందుకు కొడుతున్నావు?"

వైశాలికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై నవ్వొచ్చింది. పాదం మొత్తం ఒక్కసారిగా నేలకేసి తట్టడం ఆమెకు ఏడేళ్ల వయసు నుంచి ఒంట్లో ఇంకిన అలవాటు. అడుగు వినబడకపోతే పడనట్టే అనేది విజయలక్ష్మి టీచర్. మునివేళ్ల మీద మెత్తగా వాలిన పిల్లను మళ్లీ మొదటినుంచీ చేయించేది. రేలీ నుంచి దిగిన ప్రతిసారీ వైశాలి సముద్రాన్ని కూడా అలాగే తట్టిందన్నమాట.

"చప్పుడు వచ్చిందంటే ఆ దెబ్బ ఎక్కడికో పోయిందని అర్థం" అన్నాడు యెన్స్. "ఎక్కడికి పోతుంది? మోకాలిలోకి పోతుంది. వేళ్లు ముందు, మడమ తర్వాత, ఆపైన మోకాలూ తొడా కలిసి మింగేయాలి. చప్పుడు లేకుండా దిగగలిగిన రోజున కొక్కెం విప్పొచ్చు. కానీ నాకు వీడియోలో నీ చప్పుడు వినబడదు, ఈ యాప్ దాన్ని కోసేస్తుంది. ఎంత చప్పుడుతో దిగావో నీకూ సరిగ్గా తెలీదు."

సరిగ్గా అప్పుడే కింద కర్ర మోగింది. టక టక టక. "అదేంటి?" అన్నాడు యెన్స్. సంగతి చెబితే పడీ పడీ నవ్వి, "నీకు నాకన్నా మంచి గురువు దొరికింది" అన్నాడు.

అలా ఆ చీపురుకర్ర పరీక్షాధికారి అయింది. కింది ఇంటి కర్ర మోగని రోజే సముద్రానికి వెళ్లే రోజని వైశాలి తనలో తాను ఒట్టు పెట్టుకుంది. భవనంలో ఎవరూ చప్పుడు చేయకూడని మధ్యాహ్నపు వేళ దాటాక స్టూలెక్కడం, దూకడం, కర్ర కోసం చెవులు రిక్కించడం. మొదట్లో ప్రతి దూకుడికీ కర్ర మోగేది. హైమావతి గారికి తల కొట్టేసినట్టయ్యేది.

"ఏంటే వైశూ ఈ దూకుళ్లు? కింద మామ్మగారు పాపం గుండె పట్టుకుని కూర్చుందేమో."

"మోకాలికమ్మా. డాక్టరు చెప్పాడు."

"మెట్ల మీద జారినదానికి మళ్లీ దూకమంటాడా? ఇదేం వైద్యమే?"

వైశాలి ఇంకోసారి దూకింది. కూతురు చేసిన పాపానికి పరిహారంగా హైమావతి గారు పులిహోర కలిపి, స్టీలు గిన్నెలో పెట్టి, కింది తలుపు ముందుంచి, గంట నొక్కి గబగబా పైకి వచ్చేసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడని రోజులు కదా. రెండోనాడు వాళ్ల గుమ్మం ముందు ఆ గిన్నె కడిగి, నిండా ఆపిల్ పళ్లతో ఉంది. ఆవిడ మురిసిపోయింది. ఆ సాయంత్రమే కర్ర మళ్లీ మోగింది. "పులిహోర తిన్న చేత్తోనే పొడుస్తోందే!" అని బుగ్గలు నొక్కుకుంది. అయినా ప్రతి ఆదివారం గిన్నె కిందికి వెళ్తూనే ఉంది, ఏదో ఒకటి వేసుకుని పైకి వస్తూనే ఉంది.

ఏప్రిల్ సగానికి కర్ర నీరసించింది. కుడికాలితో దిగితే మోగడం మానేసింది. తర్వాత రెండు కాళ్లకూ మానేసింది. ఎడమ కాలికి మాత్రం ఠంచనుగా మోగేది. ఒకరోజు ఎడమ కాలికీ మోగలేదు. వైశాలికి నమ్మకం కుదరలేదు. ఇంకోసారి దూకింది. మోగలేదు. ఆ సంతోషంలో గది మధ్యన మునివేళ్ల మీద చప్పుడు లేకుండా గంతులు వేసింది. మర్నాడు ఎత్తైన స్టూలు తెచ్చుకుంది. బోర్డు ముక్కు తిప్పాలి కదా అని, దూకుతూ గాలిలోనే పక్కకు తిరిగి ఒంటికాలి మీద దిగడం మొదలుపెట్టింది. కింద కర్ర ఊసే లేదు. ఈ ఇరుకు గదిలో బందీగా ఉండి తాను సాధించినది సముద్రంలో మూడు వేసవులు తిరిగినా రాలేదని ఆమెకు గర్వం కూడా వచ్చింది.

"వైశూ, కింద మామ్మగారి దగ్గర్నుంచి గిన్నె రాలేదే" అంది హైమావతి గారు ఒకరోజు.

"ఇస్తుందిలేమ్మా."

"పోయినాదివారానిది. నేను వెళ్లి ఓసారి తలుపు కొట్టనా?"

"వద్దమ్మా. ఇన్నాళ్లకు కాస్త ప్రశాంతంగా ఉంది. కదపకు."

ఈ చివరి మాట వైశాలిని తర్వాత చాలా కాలం పొడిచింది. చీపురుకర్ర కన్నా గట్టిగా పొడిచింది.

మేలో సరిహద్దు తెరిచారు. ఆఫీసుకు సెలవు పెట్టి, స్క్రీన్ తెచ్చుకోవడానికి ఆఫీసుకు వెళ్తున్నానని తల్లికి చెప్పి, సహోద్యోగి కారు తాళాలు జేబులో వేసుకుని, కెల్లర్లోకి దిగి కైట్ సంచీ భుజాన వేసుకుంది. ఫోన్ ఇంట్లో మరిచానని గుర్తొచ్చి, సంచీతోనే మళ్లీ మెట్లెక్కింది. రెండో అంతస్తులో ఫ్రావ్ లోరెన్సెన్ తలుపు బార్లా తెరిచి ఉంది. మాస్కు కట్టుకున్న ఒక నడివయసు మనిషి అట్టపెట్టెలు బయట పేరుస్తున్నాడు. ఈమెను చూసి ఆగి, లోపలికి వెళ్లి స్టీలు గిన్నె తెచ్చాడు.

"ఇది మీదేనా? వంటింట్లో కడిగి ఆరబెట్టి ఉంది."

ఆయన ఆవిడ కొడుకు. మ్యూనిక్‌లో ఉంటాడట. వాళ్లమ్మను ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు, వెనక్కి రాలేదు. చూడడానికి తనను రానివ్వలేదు, ఫోన్‌లోనే మాట్లాడాడు. "చివరిసారి మాట్లాడినప్పుడు కొంచెం నవ్వింది. ఇక్కడ బాగా నిద్ర పడుతోంది, పైన ఎవరూ దూకడం లేదు అంది."

ఆసుపత్రికి తీసుకెళ్లింది ఏ తారీఖున అని వైశాలి అడిగింది. ఆయన చెప్పాడు. ఎడమ కాలికి కర్ర మోగని మొదటి రోజు అదే. అంబులెన్సు వచ్చిన వేళకు ఆమె చెవులకు హెడ్‌సెట్ ఉంది. తాను గది మధ్యన గంతులు వేసిన సాయంత్రానికి కింద ఎవరూ లేరు. ఆమెకు సిగ్గేసింది. ఒక మనిషి పోయిన నిశ్శబ్దాన్ని తన గెలుపనుకుంది. ఆ సిగ్గు వెనకే ఇంకో భయం వచ్చింది, ఈ సమయంలో ఇలాంటి ఆలోచనా అని తనను తాను తిట్టుకున్నా ఆగలేదు. ఎడమ కాలు అసలు మెత్తబడిందా, లేక వినేవాళ్లు లేక మోగలేదా? ఇవాళ వెళ్లి కొక్కెం విప్పబోతోంది. దేన్ని నమ్మి?

"ఫోన్ మరిచిపోయావే" అంటూ హైమావతి గారు పైనుంచి దిగి వచ్చింది. కూతురి చేతిలో గిన్నె చూసింది, భుజాన ఆమె ఎత్తున్న సంచీ చూసింది. "ఏంటే ఈ మూట?"

చెప్పక తప్పలేదు. కింది మామ్మగారి సంగతి చెప్పింది, హైమావతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. ఆ ఊపులోనే సంచీ సంగతీ చెప్పేసింది.

"సముద్రంలోనా? గాల్లో ఎగరడమా? మెట్ల మీద కాదా నీ కాలు విరగ్గొట్టుకున్నది?"

"కాదమ్మా."

"మరి ఆ చెప్పుల్ని నాచేత అన్ని తిట్లు తిట్టించావు కదే!" అంది. అంటూనే ఏడ్చింది. "నేనిక్కడ మూడు నెలల్నుంచి నీ కాలికి నూనె రాస్తున్నాను. ఒక్కసారి నిజం చెప్పాలనిపించలేదా నీకు?"

కొడుకు పాపం ఏ భాషలో ఓదార్చాలో తెలియక అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. వైశాలి ఆయన వైపు తిరిగి, ఎలా అడిగిందో తనకే తెలియదు, ఒక్క ఐదు నిమిషాలు మా అమ్మను ఈ గదిలో కూర్చోనిస్తారా అంది. ఎందుకో ఆయనకూ తల్లికీ చెప్పింది. ఆయన గుమ్మానికి అడ్డంగా ఉన్న పెట్టెలు జరిపి దారి ఇచ్చాడు.

గదిలో సామాను సగం పోయింది. కిటికీ పక్కన ఒక కుర్చీ, గోడకు ఆనించి చీపురుకర్ర. తలెత్తి చూస్తే తెల్లటి సీలింగ్ నిండా గుండ్రటి నొక్కులు. కర్ర చివర తగిలి పడినవి. అన్నిసార్లు ఆ ముసలి చెయ్యి లేచిందా అని వైశాలి వాటిని లెక్కపెట్టబోయి వదిలేసింది. హైమావతి గారు మాత్రం కళ్లు తుడుచుకుని, కుర్చీ ఆ నొక్కుల కిందికి జరుపుకుని, కర్ర చేతిలోకి తీసుకుంది. పదేళ్లు విజయలక్ష్మి టీచర్ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని కూతురి అడుగులు విన్న మనిషి.

"ఏ కాలో అరిచి చెప్పి దూకుతాను, చప్పుడు వినబడితే కొట్టమ్మా" అని వైశాలి పైకి వెళ్లింది.

స్టూలెక్కాక గాని ఆమెకు తట్టలేదు, తన వేసవి అంతా ఇప్పుడు తల్లి చేతిలో ఉందని. సముద్రమంటేనే హడలిపోయే ఆవిడ, వినబడినా వినబడకపోయినా కొట్టొచ్చు. కొడితే కూతురు ఇంట్లోనే ఉంటుంది. కుడికాలితో దూకింది. నిశ్శబ్దం. రెండు కాళ్లతో దూకింది. నిశ్శబ్దం. ఎడమ కాలితో, పక్కకు తిరుగుతూ దూకింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కింద కర్ర ఒక్కసారి మోగింది, మెల్లగా, మొహమాటంగా.

హైమావతి గారు పైకి వచ్చేసరికి వైశాలి నేలమీద కూర్చుని ఉంది.

"నిజంగా వినబడిందా అమ్మా?"

"వినబడింది. చిన్నప్పుడూ అంతే, నీ ఎడమ అడుగు తొందరపడేది. కుడిది ఆగి పడుతుంది, ఎడమది ఆగదు." ఆవిడ పక్కన కూలబడింది. "అబద్ధం చెబుదామని రెండుసార్లు అనిపించిందే. మొదట కుడికాలికే కొట్టేద్దామా, ఇది ఎక్కడికీ వెళ్లదు అనిపించింది. ఎడమదానికేమో కొట్టకుండా ఊరుకుందామా, ఈ గదిలో పడి చచ్చిపోతోంది, పోనీ వెళ్లనీ అనిపించింది. ఆ పైనున్న గుంటలు చూస్తే చెయ్యి ఆగలేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ అబద్ధం కొట్టలేదు కదా."

బయట చెట్లు ఊగుతున్నాయి. ఫేమార్న్‌లో ఆ రోజు గాలి ఎంతుందో వైశాలికి ఫోన్ చూడకుండానే తెలుసు. కారు తాళాలు తిరిగి ఇచ్చేసింది. సంచీని మళ్లీ కెల్లర్లోకి దింపుతుంటే ఒక కొసన హైమావతి గారు పట్టుకుంది. ఎంత బరువుందే తల్లీ అని దారి పొడవునా సణుగుతూనే ఉంది. వైశాలికి ఏడుపొచ్చింది. కానీ తొలిసారిగా ఈ ఇంట్లో తనను ఎవరూ బంధించినట్టు అనిపించలేదు, తానే ఉండిపోయింది.

ఇల్లు ఖాళీ చేసి అప్పగించేదాకా మొక్కలకు నీళ్లు పోయమని కొడుకు తాళం వాళ్ల చేతిలో పెట్టి మ్యూనిక్ వెళ్లాడు. హైమావతి గారు రోజూ మధ్యాహ్నం కిందికి వెళ్లి, మొక్కలకు నీళ్లు పోసి, అక్కడే తీరిగ్గా కాకినాడకు ఫోన్లు చేసుకుని, మనసారా దగ్గి, చివర్లో కుర్చీ జరుపుకుని కూర్చునేది. పైన వైశాలికి గది మొత్తం తనదయ్యేది. సాయంత్రం పూట ఎడమ కాలి పని. ఎత్తు స్టూలు వదిలేసి మళ్లీ పొట్టి స్టూలు దగ్గర మొదలుపెట్టింది. తిరగడం మానేసి ముందు నేరుగా దిగడం నేర్చుకుంది. వెనక తొడకు బలం రావాలన్నాడు యెన్స్, దానికి వేరే కసరత్తు. కర్ర మోగేది, ఈమె కిందికి వినబడేలా సరేనమ్మా అని అరిచేది. జూన్ వెళ్లేసరికి కర్ర మోగడం మానేసింది. ఈసారి కింద మనిషి ఉంది. దూకడం అయ్యాక ఆవిడ మెట్లెక్కి వచ్చి, "ఇవాళేం వినబడలేదు" అని తన నోటితో చెబితేగాని వైశాలి నమ్మేది కాదు.

తాళం ఇచ్చేసే రోజున ఆ కర్రను ఉంచుకోమన్నాడు కొడుకు.

జూలైలో హైమావతి గారికి ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. అక్కడ దిగాక మళ్లీ రెండు వారాలు ఏదో హోటల్ గదిలో బందీగా ఉండాలని తెలిసి, "అలవాటైపోయిందిలే" అంది. వెళ్లే ముందు ఆదివారం ఇద్దరూ ఫేమార్న్ వెళ్లారు. ఆవిడ చీర మీద స్వెట్టరూ, ముఖానికి మాస్కూ, ఇసకలో ఊతానికి ఆ చీపురుకర్ర. నీళ్లకు పది అడుగుల దూరంలో గట్టు మీద కూర్చుని, చీలమండలు కూడా తడుపుకోనంది.

వైశాలి ముందు చాలాసేపు కొక్కెంతోనే తిరిగింది. చిన్నగా ఎగిరి, చిన్నగా దిగింది. కాళ్లు ముడుచుకుంటున్నాయని నమ్మకం కుదిరాక, కైట్‌ను కిందగా నిలిపి, కొక్కెం విప్పి, అంచుతో నీళ్లను కోసుకుంటూ వచ్చి లేచింది. ఒళ్లు బారుగా సాగింది. ముక్కు తిప్పింది, వేళ్లు ముందు తగిలాయి, మోకాళ్లు మింగేశాయి. ఎడమది ఆగి పడింది. అంతలోనే అలవాటు కొద్దీ ఆమె చెవులు కర్ర కోసం రిక్కించాయి.

గాలి తప్ప ఏమీ లేదు. దాని వెనకే మనసులో ఆ పాత మాట లేచింది, ఇంకొక్కటి అని. ఆమె ఒడ్డు వైపు చూసింది. హైమావతి గారు కర్రను ఒడిలో అడ్డంగా పెట్టుకుని, ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆ కర్ర లేవలేదు. ఇంత దూరానికి ఎవరికీ ఏమీ వినబడదు. అమ్మ వెళ్లిపోతోంది, కింది ఇంట్లో ఇక ఆ కుర్చీ కూడా లేదు, అక్కడి సీలింగ్‌కు ఈపాటికి కొత్త సున్నం వేసి ఉంటారు. ఇక కొట్టవలసింది తానే.

మిగతావాళ్లంతా ఇంకా ఎగురుతూనే ఉన్నారు. వైశాలి కొక్కెం తగిలించుకుని ఒడ్డుకు తిరిగింది.